అమ్మ టమాటాకు మా ఆయన తవ్విన గుంత

టమాటా మొక్కకు గుంత తవ్వమంటే మా ఆయన బావి తవ్వడానికి దిగాడు. మోచేతి లోతు చాలని ముందే చెప్పాను. మోకాలి లోతు దాటినా గడ్డపార ఆగకపోయేసరికి వంటింటి కిటికీలోంచి అరిచాను.

"ఏమప్పా, పాతిపెట్టేది టమాటా మొక్కనా, నన్నా?"

ఆయన తల కూడా ఎత్తలేదు. "నువ్వు ఇంత గుంతలో పట్టవులే," అన్నాడు.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నేను కోపంగా ఉన్నప్పుడు నవ్వితే ఆయన దాన్ని తన గెలుపు కింద వేసుకుంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలివి నాకూ వచ్చింది.

కోలారు బంగారు గనుల ఊరు మాది. రాబర్ట్‌సన్‌పేట బజారు దాటాక, గనిలో పనిచేసేవాళ్ళ కోసం ఎప్పుడో కట్టిన లైను ఇళ్ళలో మాది చివరిది. చివరిది కాబట్టి వెనక కాస్త దొడ్డి దక్కింది. పేరుకే దొడ్డి. పైన బెత్తెడు మందాన బూడిదరంగు దుమ్ము, దాని కింద గట్టి బంకమన్ను. ఎండాకాలం గాలి లేచిందంటే సైనైడ్ గుట్టల మీది పొడి ఊరంతా ఎగురుతుంది. బంగారం తీసుకోగా మిగిలిన రాతిపొడిని పోసి పోసి పెంచిన గుట్టలవి. ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని కూర మీద, మా తలల మీద అదే పొడి. అందుకే ఇక్కడ ఏం నాటాలన్నా ఉన్న మట్టి తీసి పారేసి, వేరే చోటి నుంచి తెచ్చిన మట్టితో గుంత నింపాలి. మొక్క బతికేది చచ్చేది ఆ గుంతను బట్టే.

ఆ రోజు నాకు గుంత మీద అంత పట్టుదల ఎందుకంటే, అందులో పెట్టబోయేది మా అమ్మ టమాటా.

మా పుట్టిల్లు కురుడుమలెకు పోయే దోవలో ఒక పల్లె. రాగి చేను, కొన్ని మామిడి చెట్లు, ఆవులు, ఒక గది నిండా పట్టుపురుగులు. ఇంటి పక్కన మడి కట్టి అమ్మ ఏటా ఒక నాటు టమాటా వేసేది. గాడ్లు గాడ్లుగా, చిన్న గుమ్మడికాయలా ఉండే పండు. తోలు ఎంత పల్చనంటే, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చినా ఇల్లు చేరేసరికి నా చీర తడిసేది. కానీ ఆ పులుపు! ఆ పండుతో గొజ్జు చేసి రాగి ముద్దకు పెడితే, వద్దు వద్దంటూనే ఇంకో ముద్ద పెట్టించుకునేవాళ్ళం. కడుపుతో ఉన్నప్పుడు నాకు నోటికి సయించింది అదొక్కటే.

ఇప్పుడు మా అన్న కూడా టమాటాలే పండిస్తాడు. ఎకరాల లెక్కన, ప్లాస్టిక్ షీటు పరిచి, డ్రిప్పు పెట్టి. లారీలో ఎంత దూరం పోయినా నలగని పండ్లు. అమ్మ జాతి సంగతి ఎత్తితే నవ్వేస్తాడు. "ఆ కాయ ఇప్పుడు ఎవురికి కావాలమ్మా? మార్కెట్టుకు పోయేలోపలే రసమైపోతాది," అంటాడు. అన్న చెప్పేదీ నిజమే. అమ్మ ఒళ్ళు చెడి మంచం పట్టాక ఆ మడి బీడు పడింది.

నిరుడు అమ్మ చనిపోయింది. ఇల్లు సర్దుతుంటే ఉట్టి మీద ఒక గుడ్డ మూట కనిపించిందని మా వదిన తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే అమ్మ పాత చీర పీలిక మీద బూడిదతో కలిపి అంటించిన టమాటా గింజలు. ఏ ఏటివో తెలియదు. అన్నీ గీరి, నానబెట్టి, పాత పెయింటు డబ్బాలో చల్లాను. మొలిచినవి ఐదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తెలిసిన ఇళ్ళన్నీ అడిగి చూశాను, ఆ జాతి ఎవరి దగ్గరా లేదు. ఈ ఐదు పోతే అమ్మ టమాటా ఇంక లేనట్టే. రోజుకు పదిసార్లు పోయి ఆ డబ్బాలోకి తొంగి చూసేదాన్ని.

ఇక గుంతల పని ఆయనకు ఎందుకు అప్పగించానో చెప్పాలి. మా ఆయన గనిలో టింబర్‌మన్. భూమి లోపల దారి తొలుస్తూ పోయేవాళ్ళ వెనకే వెళ్ళి, గోడలూ పైకప్పూ కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గనులు మూతపడ్డాక బెంగళూరులో వాచ్‌మన్ పనికి కుదిరాడు. పొద్దున చీకటితో రైలెక్కి, మళ్ళీ చీకటి పడ్డాక దిగేవాడు. మోకాళ్ళు మొరాయించి ఈ మధ్యే అది కూడా మానేశాడు. అంటే, పెళ్ళయ్యాక పగటి వెలుతురులో ఆయన రోజూ ఇంట్లో కనబడడం ఇదే మొదలు. ఆ కొత్తలో ఇద్దరం ఒకరికొకరం అడ్డం పడ్డాం. బీరువా కాలి కింద చెక్క ముక్క దోపాడు. మంచం కోళ్ళ కింద దోపాడు. గ్రైండరు కింద దోపాడు. ఇంట్లో ఏది కాస్త ఊగినా ఆయనకు నిద్ర పట్టదు. చెక్కలన్నీ అయిపోయాక ఏమీ తోచక గుమ్మంలో కూర్చుని చేతులు చూసుకునేవాడు. అది చూడడం నాకు కష్టంగా ఉండేది.

"గుంతలు నేను తవ్వుతానే," అన్నాడు ఒక పొద్దున, నేను పార తీసుకోబోతుంటే. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పార ఆయన చేతికిచ్చి లోపలికి పోయాను.

ముందు గడ్డపారతో దొడ్డంతా తట్టుకుంటూ తిరిగాడు. తట్టడం, తల వంచి వినడం. గనిలో బండ నిలకడ చూసే పద్ధతి అది.

"ఏం వినపడతా ఉండాది?" అని అడిగాను.

"ఈడ గట్టిగా ఉండాది. ఆ మూల లోపల గుల్ల."

గట్టిగా ఉన్న చోటే ఎంచుకున్నాడు. సాయంత్రానికి ఐదు గుంతలు తయారయ్యాయి. లోతు సంగతి పక్కన పెడితే, అంత అందమైన గుంతలు నా జన్మలో చూడలేదు. దారం పట్టినట్టు వరస. గోడలు నిటారుగా, నున్నగా. పార వెనక వైపుతో తట్టి, నీళ్ళు చిలకరించి, మళ్ళీ తట్టి, చిటికెడు మట్టి కూడా రాలకుండా మెత్తాడు. పక్కింటి ఆవిడ గోడ మీంచి తొంగి చూసి, నీళ్ళకు సంపు కడుతున్నారా అని తమిళంలో అడిగింది. మా ఆయన దాన్ని పొగడ్త కింద తీసుకున్నాడు. నేనూ అలాగే తీసుకున్నాను.

మా అన్న పంపిన ఎర్రమట్టి సంచులు విప్పి, పట్టుపురుగుల లద్దె, అవి తినగా మిగిలిన మల్బరీ ఆకూ కలిపి మాగబెట్టిన ఎరువు పోసి, పిడికెడు వేపపిండి, కాస్త పొయ్యి బూడిద కలిపి గుంతలు నింపాం. పొద్దు వాలాక నాటాను. అమ్మ చేసినట్టే కింది ఆకులు గిల్లేసి, మొక్కను మెడ దాకా మట్టిలోకి దించాను. అలా దించితే పూడ్చిన కాడకు కూడా వేర్లు పుడతాయి. చెంబుతో నీళ్ళు పోసి, ఐదింటికీ దణ్ణం పెట్టాను. ఆయన నన్ను చూసి తనూ పెట్టాడు.

రెండు రోజులకు వాన పట్టుకుంది. కరువు తప్పని మా కోలారు జిల్లాలో వాన అంటే ఎవరూ విసుక్కోరు, నేనూ సంతోషంగానే తడిశాను. వాన వెలిశాక చూస్తే మొక్కల కింది ఆకులు పచ్చబడ్డాయి. మట్టి తడిగా ఉన్నా మొక్కలు మాత్రం నీళ్ళు లేనట్టు తల వేలాడేశాయి. సైనైడ్ దుమ్మును తిట్టాను. మా అన్న ఎరువు మాగలేదని తిట్టాను. పాపం, సంపు అన్నందుకు పక్కింటావిడ దిష్టిని కూడా తిట్టాను. ఆయన మొక్కల మీద గోనెసంచి కప్పి ఎండ తగలకుండా చూశాడు. అయినా ఒకటి పోయింది. వెనకే ఇంకొకటి.

రెండోది వాలిపోయిన పొద్దున నేను ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు పదిమందిలో ఏడ్చాను, వచ్చినవాళ్ళకు కాఫీలు కూడా ఇచ్చాను. ఈసారి పెరట్లో ఒక్కదాన్నే, చచ్చిన మొక్క ముందు కూర్చుని, చిన్నపిల్లలా ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి కోపం వచ్చింది. ఏమైందో తేల్చుకుందామని చేతులతోనే ఆ గుంత తోడడం మొదలుపెట్టాను.

జానెడు లోతుకు పోయేసరికి నీళ్ళు తగిలాయి. వాన వెలిసి అన్ని రోజులైనా గుంతలో నీళ్ళు కుండలో ఉన్నట్టే నిలిచి ఉన్నాయి. వేర్లు కుళ్ళి వాసన కొడుతున్నాయి. కాస్త బతికి ఉన్న వేరు ఒకటి గోడ దాకా పోయి, అందులో దూరలేక, గోడ వెంబడే వంకర తిరిగింది. గోడ మీద పార తట్టిన గుర్తులు ఇంకా మెరుస్తున్నాయి.

"ఇదో, ఇట్ల రాప్పా!" అని కేక పెట్టాను. ఆయన పరిగెత్తినట్టే వచ్చాడు. "చూడు! గుంత తవ్వమంటే తొట్టి కట్టినావు. నీళ్ళు యాడికి పోవాల? వేర్లు యాడికి పోవాల? మా అమ్మ గింజలు ఇంగ లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు!"

ఆయన గుంత అంచున గొంతుక్కూర్చున్నాడు. గోడ మీది పార గుర్తును వేలితో తడిమాడు.

"రాలతా ఉండె," అన్నాడు.

"ఏంది రాలింది?"

"మట్టి. నేను తవ్వతా ఉంటే గోడ రాలతా ఉండె. అట్ల రాలతా ఉంటే వదిలేసి వచ్చేదానికి నాకు మనసు రాలేదే. గోడ రాలిందంటే, కింద ఎవురో ఒకరు ఉంటారు గదా."

గనులు మూసేయడానికి కొన్నేళ్ళ ముందు, ఆయనకు పని నేర్పిన పెద్దమనిషి ఒకాయన లోపల పక్కగోడ రాలి చనిపోయాడు. మా ఆయన ఆయన్ను మామా అని పిలిచేవాడు. మా పెళ్ళికి వచ్చి, నా చేతిలో వెండి కుంకుమభరిణ పెట్టి, వీడు కాస్త మొండోడమ్మా అని నవ్వినాయన. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని, పడుకున్నాడు. అప్పటి నుంచీ ఇప్పటిదాకా ఆ సంగతి ఇంట్లో ఎత్తింది లేదు. బీరువా కాలి కిందా మంచం కోళ్ళ కిందా చెక్కలు ఎందుకు దోపుతున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. చెయ్యి అంతా బురద, ముఖమంతా కన్నీళ్ళు, అలాగే ఆయన పక్కన చతికిలబడ్డాను.

"ఈ గుంతలో ఎవురూ లేరప్పా," అన్నాను. "వేర్లు ఉండాయి, అంతే. గోడ రాలితేనే అవి లోపలికి పోయేది."

ఆయన తల ఊపాడు. మిగిలిన మూడు మొక్కల వైపు చూశాడు. "అయితే వాటిని తీసేద్దాం పద," అన్నాడు.

మట్టి గడ్డతో సహా ఒక్కొక్క మొక్కనూ రెండు చేతులతో ఎత్తి చేటలో నీడకు పెట్టాను. గుంతల్లోని నీళ్ళు ఆయన డబ్బాతో తోడి పోశాడు. గడ్డపార చేతిలోకి తీసుకున్నాడు గానీ, తను మెత్తిన గోడ మీద వేయడానికి చెయ్యి లేవలేదు. నేను తొందరపెట్టలేదు. నా స్వభావానికి అది చాలా పెద్ద సంగతి. కొంచెంసేపటికి గడ్డపార పక్కన పెట్టి, చేతినే గుంతలోకి దించి, వేళ్ళతో గోడను లాగాడు. పెళ్ళ ఊడి ఆయన మణికట్టు మీద పడింది. చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మట్టి దులుపుకున్నాడు. మళ్ళీ దించాడు. ఈసారి తీయలేదు. గోడ చుట్టూ వేళ్ళు పోనిచ్చి, నున్నటిదంతా గరుకు అయ్యేదాకా లాగుతూనే ఉన్నాడు.

ఖాళీ గుంతను చూస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. మొక్క పెట్టే ముందు అమ్మ ఉత్త గుంతలో చెంబెడు నీళ్ళు పోసి, గట్టు మీద కూర్చుని ఆకూ వక్కా నోట్లో వేసుకునేది. నమలడం అయ్యేదాకా లేచేది కాదు. పని ఎగ్గొట్టడానికి అదొక వంక అని మేము పిల్లలం నవ్వుకునేవాళ్ళం. అమ్మ అలా నములుతూ నీళ్ళనే చూసేది. తాంబూలం అయ్యేలోపు నీళ్ళు ఇంకితే గుంత మంచిది. ఇంకకపోతే ఇంకా పని ఉందన్న మాట. మా ఊరి ఎర్రనేలలో నీళ్ళు ఎప్పుడూ ఇంకేవి కాబట్టి, రెండోది మేము చూడనే లేదు.

దేవుడి దగ్గర పెట్టిన తమలపాకులు తెచ్చి, గుంతలో నీళ్ళు పోసి, మెట్టు మీద కూర్చుని నమిలాను. నోరు ఎర్రబడింది. నీళ్ళు కదల్లేదు.

ఆయన గుంత మూలమూలా గడ్డపారతో తట్టి విన్నాడు. "గట్టి తావు చూసి తవ్వితిని. అదే తప్పు," అంటూ లేచి, గుల్ల అన్న మూలకు పోయి, తట్టి, తల వంచి, అక్కడ కొత్తగా మూడు గుంతలు మొదలుపెట్టాడు. బంకమన్ను పొరను పొడుచుకుంటూ పోతే కింద గరుసు మట్టి తగిలింది. గోడలు వాటి ఇష్టం వచ్చినట్టు రాలాయి. మళ్ళీ నీళ్ళు పోశాం. ఈసారి ఒక్కదాన్నే నమలను అంటే, జన్మలో వక్క ముట్టని మనిషి ఆకు చుట్టి నోట్లో పెట్టుకుని, దగ్గుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం గుంతలోకి చూస్తూ నమిలాం. నీళ్ళు మెల్లగా దిగి, అడుగున తడి మెరుపు మాత్రం మిగిలింది.

"పోయిందే!" అన్నాడు. ఆ మనిషి అంత సంతోషంగా ఏదైనా పోయిందని అనడం నేను వినడం అదే మొదటిసారి.

మూడింటినీ నాటాం. వారం తర్వాత ఒకటి చచ్చింది. ఇంకొకటి బతికీ బతకనట్టు ఉండి, పూత రాకుండానే ఎండింది. ఒక్కటి మిగిలింది. దానికి ఎదుగుదల వచ్చాక కర్రలు పాతాలి, టమాటా కాడ తన బరువు తాను మోయలేదు. ఆ పని మాత్రం ఆయనకు నేను చెప్పలేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. సర్వి కర్రలు తెచ్చి, గాడి కోసి, ఒకదాంట్లో ఒకటి దిగేసి, ఒక్క మొక్కకు ఏనుగు ఎక్కినా కూలని పందిరి నిలబెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నేను నవ్వలేదు. ఆ పని ఆయన ఎంత బాగా చేస్తాడో ఇన్నేళ్ళూ నేను కళ్ళతో చూసి ఎరగను, భూమి లోపల జరిగింది కదా అంతా.

మొదట పండిన మంచి కాయకు ఎర్రదారం కట్టాను. అది గింజలకు. దాన్ని ఎవరూ కోయకూడదు. తర్వాత వచ్చిన వాటితో గొజ్జు చేశాను. రాగి ముద్ద తుంచి, అందులో అద్ది నోట్లో పెట్టుకోగానే అమ్మ వంటింటి పొగ వాసన కూడా వచ్చినట్టు అనిపించి, ముద్ద మింగలేకపోయాను. ఆయన నా వైపు చూడకుండా, "ఉప్పు కొంచెం తక్కువ," అన్నాడు. నేను ఏడవకుండా తిట్టడానికి ఏదో ఒకటి అందివ్వాలని ఆయన ఆలోచన. తిట్టాను. ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

దారం కట్టిన పండు బాగా మెత్తబడ్డాక పిసికి, బూడిద కలిపి, గుడ్డకు అంటించి ఆరబెట్టాను. గింజలు పుష్కలంగా వచ్చాయి. కొన్ని మా వదినకు పంపాను. ఆమె మడి కట్టిందని, మా అన్న నవ్వుతూనే నీళ్ళు పెడుతున్నాడని చెప్పింది. మా పెయింటు డబ్బాలో ఈసారి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టలేదు.

నిన్న ఆయన మళ్ళీ గుంతలు తవ్వాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. మోచేతి లోతుకే ఆపాడు. గోడ నుంచి కాస్త మట్టి జారింది. అలవాటుగా పారను వెనక్కి తిప్పాడు, తట్టడానికి ఎత్తాడు కూడా. ఎత్తిన పారను అలాగే పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని, చెయ్యి లోపలికి దించి వేళ్ళతో గోడను గీరాడు. మట్టి చేతి మీద రాలుతోంది. రాలనిచ్చాడు. చెంబుతో నీళ్ళు పోసి, నా కిటికీ వైపు తిరిగి కేకేశాడు.

"ఏమే, ఆకూ వక్కా యాడ పెట్టినావు?"